ఆస్పత్రి డ్యూటీ, ఆటల పోటీ: రెండూ కుదురుతాయా?

ఆస్పత్రిలో పనిచేస్తూ, లేదా మెడిసిన్, నర్సింగ్ చదువుతూ పోటీల్లో దిగాలనుకునే పిల్లల గురించి ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. 2023లో నంద్యాలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. అంటే "చదువా, ఆటా?" అనే ప్రశ్న ఇక మన ఇళ్లల్లోనే వినబడుతుంది.

ముందు ఇద్దరి సంగతి చెప్తాను. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ తాలిమెరెన్ ఆవో. నాగా కుర్రాడు. అప్పటికి కలకత్తాలో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. తర్వాత డాక్టరై సొంత ప్రాంతానికే వెళ్లి పనిచేశాడు.

రెండో ఆయన రోజర్ బానిస్టర్. 1954 మే 6న మైలు దూరాన్ని 3 నిమిషాల 59.4 సెకన్లలో పరుగెత్తాడు. నాలుగు నిమిషాల లోపు అదే మొదటిసారి. అప్పుడాయన లండన్‌లో మెడికల్ స్టూడెంట్. మధ్యాహ్నం భోజనం టైమ్‌లో ప్రాక్టీస్ చేసుకునేవాడు. ఆ ఏడాదే పోటీలు మానేసి, తర్వాత నరాల డాక్టరయ్యాడు.

గమనించారా? ఇద్దరూ రెండూ చేశారు, కానీ జీవితాంతం కాదు. ఆటకి కొన్నేళ్లు ఇచ్చారు. ఆ కొన్నేళ్లు గట్టిగా ఇచ్చారు.

ఇక మన సంగతి. ఆళ్లగడ్డలో ఇల్లు, నంద్యాలలో నైట్ డ్యూటీ అనుకోండి. సుమారు 40 కిలోమీటర్ల హైవే. తెల్లారి నిద్రకళ్లతో బైక్ ఎక్కొద్దండీ, బస్సులో వెళ్లండి. ఇంటికి రాగానే గ్రౌండ్‌కి కాదు, మంచం మీదికి. కండరం కోలుకోవడానికి నిద్ర చాలా ముఖ్యం. నిద్ర చాలకుండా పరుగెత్తితే దెబ్బలు తగుల్తాయి, వార్డులో పొరపాట్లూ జరుగుతాయి.

రోజూ గట్టి ప్రాక్టీస్ అక్కర్లేదు. డే డ్యూటీ వారంలో రెండు రోజులు గట్టిగా, మిగతా రోజులు తేలిగ్గా చేస్తే చాలు. మన ఎండల్లో వేసవిలో పొద్దు పొడవకముందే ముగించండి. ఖరీదైన డబ్బాలు లేకపోయినా రాగి సంగటి, గుడ్లు, పప్పు, శనగవిత్తనాలు ఉన్నాయి కదా.

పోటీ తేదీ తెలియగానే, డ్యూటీ చార్ట్ వేయకముందే ఇన్‌చార్జికి చెప్పండి. ఉగాది డ్యూటీ మీరు చెయ్యండి, పోటీ రోజు డ్యూటీ తోటివాళ్లు చేస్తారు. సెలవు దయతో రాదండీ, ఇచ్చిపుచ్చుకుంటేనే వస్తుంది.

అమ్మానాన్నలకి, అత్తమామలకి ఒక్క మాట. "ఇంక ఆటలెందుకమ్మా" అని ఆడపిల్లని ఆపేముందు ఆలోచించండి. ఉద్యోగం యాభై ఏళ్లకీ ఉంటుంది. కాళ్లలో ఆ వేగం మాత్రం అప్పటిదాకా ఆగదు.

కాబట్టి ఏ రెండు మూడేళ్లు ఆటకి ఇస్తారో ఇంట్లో కూర్చుని ఇప్పుడే మాట్లాడుకోండి.