ఓడలో పని, ఇంట్లో పని

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యుద్ధనౌకల మీద పనిచేసినవాళ్ళ జ్ఞాపకాల గురించి మాట్లాడతానంటే మీలో కొందరు ఆశ్చర్యపోయారు. నేనే ఓడలోనూ పనిచెయ్యలేదు. మా నాన్న పదిహేనేళ్ళు నౌకాదళంలో ఇంజన్‌రూమ్ మెకానిక్‌గా చేశాడు. విశాఖపట్నంలో మేం ఆయన కబుర్లు వింటూనే పెరిగాం.

ఆ కబుర్లలో యుద్ధం తక్కువ, పని ఎక్కువ. నాలుగేసి గంటల వాచ్ డ్యూటీ. బాయిలర్ల వేడి. ఒకదానిమీద ఒకటిగా మూడు బంకులు, పక్కకి తిరగడానికి కూడా చోటుండదు. వంతులవారీగా మెస్ డ్యూటీ: వంటగది నుంచి అన్నం మోసుకురావాలి, అందరికీ పెట్టాలి, ప్లేట్లు కడగాలి, నేల తుడవాలి. కెప్టెన్ తనిఖీకి వచ్చేసరికి ఇత్తడి సామాను తళతళలాడాలి. గుండీ ఊడితే ఎవరిది వాళ్ళే కుట్టుకోవాలి. మరుగుదొడ్లు శుభ్రం చెయ్యడానికి 'టోపాస్' అని వేరే తరగతి వుండేది. ఓడలోనూ ఆ పని అన్నిటికన్నా కిందిమెట్టే.

సోషియాలజీ చదువుకున్నాకే ఈ జాబితాని మళ్ళీ విన్నాను. వడ్డించడం, కడగడం, తుడవడం, కుట్టడం. ఇదంతా మనం ఇంటిచాకిరీ అంటున్నదే కదా! ఓడలో మగవాళ్ళు చేస్తే దాని పేరు 'సర్వీసు'. దానికి జీతం, పతకం, పింఛను వున్నాయి. అన్నేళ్ళు ప్లేట్లు కడిగిన మా నాన్న ఇంటికొస్తే మంచినీళ్ళ గ్లాసు కూడా తనంతట తాను తీసుకునేవాడు కాదు. అంటే అది చేతకాక కాదు. ఇంట్లో అది తన పని కాదనుకోవడం వల్ల. శ్రమ విభజన ప్రకృతిసహజం అనేవాళ్ళకి నేనిచ్చే జవాబు మా నాన్నే.

ఇక ఓడలో స్త్రీలకి చోటు సంగతి. 1992లో నౌకాదళం స్త్రీలని అధికారులుగా తీసుకోవడం మొదలుపెట్టింది, అదీ విద్య, న్యాయం, లాజిస్టిక్స్ వంటి శాఖల్లో, పరిమిత కాలానికే. శాశ్వత కమిషన్ కోసం లెఫ్టినెంట్ కమాండర్ ఆనీ నాగరాజ, మరికొందరు అధికారిణులు కోర్టుకెళ్ళారు. రష్యా నుంచి వచ్చిన కొన్ని నౌకల్లో స్త్రీలకి స్నానాలగదులు లేవన్నది ప్రభుత్వం చేసిన వాదనల్లో ఒకటి. 2020 మార్చి 17న సుప్రీంకోర్టు ఆ వాదనని తోసిపుచ్చింది. ఆఫీసులో, పొలంలో, బస్టాండులో మనకి ఎదురయ్యే సాకే అది. గది కట్టించకపోవడం వాళ్ళ తప్పు, గది లేకపోవడం మన అనర్హత!

2023 డిసెంబరులో ఐఎన్ఎస్ ట్రింకట్ బాధ్యత ప్రేరణా దేవ్‌స్థలీకి అప్పగించారు. యుద్ధనౌకకి ఒక స్త్రీ కమాండర్ కావడం మన నౌకాదళంలో అదే మొదలు. సంతోషమే. కానీ 2022లో ఆడపిల్లల్ని నావికులుగా తీసుకోవడం మొదలైంది అగ్నిపథ్ పథకం కింద. నాలుగేళ్ళ సర్వీసు, నాలుగోవంతుకి మించి కొనసాగించరు, మిగిలినవాళ్ళకి పింఛను వుండదు. మగపిల్లలకీ అదే నియమం. తలుపు తెరుచుకునే వేళకి లోపలున్న భద్రత పోయింది. తలుపు గురించే కాదు, దీని గురించీ మనం మాట్లాడాలి.

చివరగా మా అమ్మ. నాన్న సముద్రం మీదుండగా తమ్ముణ్ణి ఒంటరిగా కంది. ఆ సంగతి ఆయనకి ఉత్తరంలో తెలిసింది. ఇంటద్దె, రేషను, మా జబ్బులు, అత్తగారి మంచం, అన్నీ ఆమే చూసుకుంది. ఇవాళ ఆమెకొచ్చే కుటుంబ పింఛను కాగితాల్లో ఆమె 'ఆధారపడినది'. టేప్‌రికార్డర్ పెట్టి అడిగితే, "నాదేముందే, నేనేమైనా ఉద్యోగం చేశానా?" అంది. ఆ తర్వాత మూడు గంటలు ఆపకుండా చెప్పింది.

నావికుల జ్ఞాపకాలు పుస్తకాలవుతున్నాయి. ఒడ్డున మిగిలిన ఆడవాళ్ళవి కావటం లేదు. ఈ ఊళ్ళో పనిచేస్తున్న మీరు నేవీ కుటుంబాల ఇళ్ళకి వెళ్ళినప్పుడు మొదట ఆమెనే అడగండి. "ఏమీ లేదు" అంటే లేచి వచ్చెయ్యకండి. కాసేపు కూర్చోండి.