మాగ్నమ్ తూటా: మందు రెట్టింపైతే వేగం రెట్టింపవుతుందా?

ఖానాపురం హవేలి నుంచి మాట్లాడుతున్నాను. పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకే ప్రశ్న అడిగారు. "అన్నా, అడవి పందుల్ని కొట్టడానికి పర్మిషన్ ఉన్న షూటర్లు వస్తున్నారు కదా, వాళ్ల చేతిలో మాగ్నమ్ రైఫిల్ ఉంటే పని త్వరగా అయిపోదా?" అని. ఇవాళ దాని గురించే చెప్పుకుందాం. కొంచెం లెక్కలుంటాయి, భయపడకండి. సంతలో బేరం ఆడేవాడికి వచ్చే లెక్కలే.

ముందు ఒక మాట. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దగ్గర వేట నిషేధం. పంటను నాశనం చేసే జంతువునైనా అధికారి రాతపూర్వక అనుమతితోనే చంపాలి. లైసెన్సు లేకుండా ఇంట్లో తూటా తయారు చేసుకోవడం ఆయుధాల చట్టం కింద నేరం. నేను చెప్పే అంకెలు కంపెనీ తూటాల గురించి, అదీ సుమారు అంకెలు. అర్థం చేసుకోవడానికే, నింపుకోవడానికి కాదు.

సరే. మాగ్నమ్ అంటే ఏంటి? మామూలు దానికంటే పెద్ద వైన్ సీసాను మాగ్నమ్ అంటారు, ఆ పేరే తూటాకు అంటుకుంది. అంటే ఎక్కువ మందు పట్టే ఇత్తడి కేసు. అంతే, దాంట్లో మంత్రం ఏమీ లేదు.

ఒకే గుండు తీసుకుందాం. 180 గ్రెయిన్ల బరువు, .30 వ్యాసం. గ్రెయిన్ అంటే చాలా చిన్న తూకం, గ్రాముకు పదిహేను పైచిలుకు. ఈ గుండును .308 విన్చెస్టర్ సుమారు 45 గ్రెయిన్ల మందుతో సెకనుకు 2,620 అడుగుల వేగంతో తోస్తుంది. 1906 నాటి థర్టీ ఆట్ సిక్స్ 56 గ్రెయిన్లు కాల్చి 2,700 ఇస్తుంది. 1963లో వచ్చిన .300 విన్చెస్టర్ మాగ్నమ్ 73 గ్రెయిన్లు తిని 2,960 ఇస్తుంది. 1999లో వచ్చిన .300 రెమింగ్టన్ అల్ట్రా మాగ్ అయితే 95 గ్రెయిన్లు మింగి 3,250 ఇస్తుంది.

ఇప్పుడు మొదటిదాన్నీ చివరిదాన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. మందు 45 నుంచి 95కి పోయింది, రెట్టింపు దాటింది. వేగం పెరిగింది ఎంత? నూటికి 24. అందులోనూ అల్ట్రా మాగ్ అంకె పొడుగు బ్యారెల్‌తో, ఎక్కువ ప్రెషర్‌తో తీసింది. ఆ రెండూ సమానం చేస్తే ఇంకా తగ్గుతుంది. ఈ విద్య తెలిసినవాళ్లు వాడే మోటు లెక్క ఒకటుంది: కేసులో జాగా నూటికి నాలుగు పెంచితే వేగం నూటికి ఒకటి పెరుగుతుంది.

మన రైతులకు ఇది కొత్తేం కాదు. బోరుకు రెండు అంగుళాల పైపు వేసి ఐదు హెచ్‌పీ మోటారు తీసేసి పది హెచ్‌పీ పెట్టండి. నీళ్లు రెట్టింపు వస్తాయా? రావు. కరెంటు బిల్లు వస్తుంది. పైపు అదే కదా. ఇక్కడా గొట్టం వ్యాసం అదే, .30. ఆ సన్నటి గొట్టంలోంచి రెండింతల మందు గ్యాస్ దూరి పోవాలి. గుండు బయటికి పోయేసరికి గ్యాస్‌లో ఇంకా బోలెడు ఒత్తిడి మిగిలే ఉంటుంది. అదంతా మూతి దగ్గర మంటగా, చప్పుడుగా పోతుంది.

శక్తి లెక్కలో చూస్తే ఇంకా స్పష్టంగా ఉంటుంది. ఒక్క గ్రెయిన్ మందు నుంచి .308 గుండుకు దక్కేది సుమారు 61 ఫుట్-పౌండ్లు. థర్టీ ఆట్ సిక్స్‌లో 52. విన్చెస్టర్ మాగ్నమ్‌లో 48. అల్ట్రా మాగ్‌లో 44. మందులో ఉన్న మొత్తం రసాయన శక్తిలో చిన్న తూటా మూడో వంతు దాకా గుండుకు ఇస్తే, పెద్దది నాలుగో వంతు ఇవ్వడానికే ఆయాసపడుతుంది. మిగతాదంతా వేడి.

ఆ వేడి ఎక్కడికి పోతుంది? కొంత గాలిలోకి, కొంత బ్యారెల్‌లోకి. కేసు పక్కనే గాడులు మొదలయ్యే చోటు ముందు కాలిపోతుంది. .308 బ్యారెల్ కొన్ని వేల తూటాలు ఓర్చుకుంటుంది, అల్ట్రా మాగ్ బ్యారెల్ అందులో చిన్న భాగానికే డస్సిపోతుంది. భుజం సంగతి కూడా చూడండి. గుండు మాత్రమే వెనక్కి తన్నదు, మందు కూడా తంతుంది. కాలిన మందు మూతిలోంచి సుమారు నాలుగు వేల అడుగుల వేగంతో బయటికి దూకుతుంది. ఎనిమిది పౌండ్ల రైఫిల్‌లో .308 తన్ను సుమారు 17 ఫుట్-పౌండ్లు అయితే అల్ట్రా మాగ్ తన్ను 37 దాకా పోతుంది. అంటే వేగం నూటికి 24 పెరిగితే తన్ను రెట్టింపు దాటింది. ఆ తన్నుకు భయపడి ట్రిగ్గర్ నొక్కేటప్పుడు కళ్లు మూసుకునే షూటర్‌కు వేగం ఎంతున్నా ఏం లాభం చెప్పండి.

మరి మాగ్నమ్ ఎందుకు పుట్టింది? దూరం కోసం. మూడొందలు, నాలుగొందల గజాల అవతల, కొండ ఆ వాలు మీద నిలబడ్డ జంతువు కోసం. అక్కడ గుండు తక్కువ వంగుతుంది, ఎక్కువ శక్తితో చేరుతుంది. అది నిజం, కాదనను. అమెరికాలో రాయ్ వెదర్‌బీ లాంటివాళ్లు వేగమే ప్రాణం అనుకుని తూటాలు కట్టారు, వాళ్ల మైదానాలకు అది సరిపోయింది.

మన దగ్గర ఏముంది? ఇల్లందు దాటాక, కొత్తగూడెం, పాల్వంచ, అక్కడి నుంచి భద్రాచలం వైపు పోతూ ఉంటే అడవి అంచు చేలు చూడండి. మొక్కజొన్న చేను, పక్కనే వాగు, వాగు పక్కన పొదలు. పంది రాత్రిపూట వస్తుంది. షూటర్‌కు కనిపించేది నలభై, యాభై గజాల్లో, టార్చి వెలుగులో. యాభై గజాలకు 2,700 వేగానికీ 3,250 వేగానికీ గుండు కిందికి దిగడంలో తేడా పావు అంగుళం కూడా లేదు. రెండింతల తన్ను, రెండింతల మంట భరించి కొనుక్కున్నది పావు అంగుళం!

అసలు ప్రమాదం ఇంకోటి ఉంది. మెత్తటి ముక్కు ఉన్న మామూలు గుండు దూరం వెళ్లి కొంత నెమ్మదించాక విచ్చుకునేలా కట్టింది. దాన్ని 3,200 వేగంతో నలభై గజాల్లో మగ పంది భుజం మీది మందపాటి తోలు మీద కొడితే లోపలికి దిగకుండా పైనే ముక్కలయ్యే అవకాశం ఉంది. పంది పడదు. గాయంతో వాగులోకి దిగి పడుకుంటుంది. తెల్లారి పత్తి చేలోకి కలుపు తీయడానికి పోయే అమ్మలు, అక్కలు దాని ఎదుట పడతారు. గాయపడ్డ పంది ఎట్లా దూకుతుందో మన ఊళ్లలో ఎవర్నీ అడగక్కర్లేదు. అందుకే ఈ ముచ్చట నాకు లెక్కల పుస్తకంలో లెక్క కాదు.

ఇప్పుడు దీనికి రెండో వైపు కూడా చెప్పాలి. "మందు పొదుపే గొప్ప" అని ఊరుకుంటే సగం మాటే అవుతుంది. ఇక్కడ మన ఎండ వస్తుంది.

1911లో ఇంగ్లండులో రిగ్బీ కంపెనీ .416 తూటా కట్టింది. 410 గ్రెయిన్ల గుండు, 2,370 వేగం. ఇప్పటి మందులతో కూడా దానికి వంద గ్రెయిన్ల దగ్గర పడుతుంది. 1988లో రెమింగ్టన్ వాళ్లు .416 రెమింగ్టన్ మాగ్నమ్ తెచ్చారు. దాదాపు అదే గుండు, అదే వేగం, కానీ 80 గ్రెయిన్ల లోపే. పొదుపు పోటీ పెడితే రెమింగ్టన్ గెలిచింది. కానీ ఎట్లా గెలిచింది? ప్రెషర్ పెంచి. రిగ్బీ చదరపు అంగుళానికి సుమారు 47,000 పౌండ్ల ప్రెషర్‌తో పనిచేస్తే రెమింగ్టన్‌కు 65,000 దాకా హద్దు. చిన్న కేసులో అదే పని చేయించాలంటే గట్టిగా పిండాలి మరి.

రిగ్బీ వాళ్లకు లెక్క రాక అంత పెద్ద కేసు చేశారా? కాదు. అప్పటి మందు కార్డైట్, తాళ్ల లాగా ఉండేది. వేడికి దాని ప్రెషర్ బాగా పెరిగేది. ఇంగ్లండు చలిలో బాగానే పేలిన తూటా ఇండియా, ఆఫ్రికా ఎండల్లో కేసు ఉబ్బి రైఫిల్‌లో ఇరుక్కునేది. ముందు పులి ఉండి, చేతిలో బోల్ట్ తెరుచుకోకపోతే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. అందుకే వేడి దేశాల కోసం మందు తగ్గించి ప్రత్యేకంగా తూటాలు నింపేవాళ్లు. 1912 నాటి .375 హెచ్ అండ్ హెచ్ కేసు అంత వాలుగా, పొడుగ్గా ఉండటానికి కారణం కూడా ఇదే: కార్డైట్ పట్టాలి, పేలాక సులువుగా బయటికి రావాలి.

ఇప్పటి మందులు చాలా నయం. అయినా మామూలు రకాలు వేడికి ఎంతో కొంత ప్రెషర్ పెంచుతాయి. మే నెలలో కొత్తగూడెంలో ఎండ 45 దాటుతుంది. అద్దాలు మూసిన జీపు డాష్‌బోర్డు మీద తూటాల డబ్బా పెడితే లోపల ఎంత ఉంటుందో మీకే తెలుసు, చెయ్యి పెట్టలేం. ఇప్పటికే 65,000 అంచున నడిచే మాగ్నమ్‌కు ఆ పెరుగుదల సర్దుకునే జాగా లేదు. 47,000 దగ్గర నడిచేదానికి బోలెడు జాగా ఉంది. మందు దండగ అనిపించే ఆ పెద్ద కేసు, మన ఎండలో బీమా లాంటిది.

అందుకని నా లెక్క ఇది. వేగం కోసం మందు తినే కేసు మన అడవికి దండగ. తక్కువ ప్రెషర్ కోసం మందు తినే కేసు దండగ కాదు. రెండూ మాగ్నమే, రెండూ బండెడు మందు తినేవే, కానీ తినే కారణం వేరు.

ఇల్లందు నుంచి ఒక తమ్ముడు అడిగాడు, "మరి మన .315 సంగతేంటన్నా?" అని. మంచి ప్రశ్న. బ్రిటిష్ వాళ్లు సైన్యం వాడే .303ను జనం చేతికి ఇవ్వకూడదని పెట్టిన కట్టడి వల్ల ఇక్కడ ఇది నిలబడింది. తర్వాత ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ దీన్ని మన కోసం చేసింది. 244 గ్రెయిన్ల బరువైన గుండు, నెమ్మది వేగం, తక్కువ ప్రెషర్. మాగ్నమ్ షోకు ఉన్నవాళ్లు దీన్ని చూసి నవ్వుతారు. నవ్వనీ. యాభై గజాల్లో పంది భుజానికి ఆ బరువు, ఆ నెమ్మదే కావాలి. ముక్కలవదు, లోతుకు దిగుతుంది. పది సార్లు కాల్చినా భుజం వాయదు, కాబట్టి షూటర్ ప్రాక్టీసు చేస్తాడు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, ఏ తూటా అయినా పందిలోంచి బయటికి దూసుకుపోవచ్చు. వెనక మట్టి గట్టు ఉందా, గుడిసె ఉందా అన్నది తూటా పేరు కంటే ముందు చూడాలి. మీ ఊరికి అనుమతి ఉన్న షూటర్ వస్తే చేను ఏ వైపు వాలి ఉంది, మంచె మీద ఎవరు పడుకుంటారు, ఏ గట్టు మీద మనుషులు నడుస్తారు, ఇవన్నీ పగటిపూటే దగ్గరుండి చూపించండి. తూటాల డబ్బా జీపులో వదిలేస్తుంటే "నీడలో పెట్టు అన్నా" అని చెప్పండి. మొహమాటపడకండి.

వచ్చే ఎపిసోడ్‌లో సోలార్ కంచె గురించి మాట్లాడుకుందాం, దాని మీద కూడా చాలా ప్రశ్నలు వచ్చాయి. ఉంటాను, నమస్తే.