పక్షిపాదమున వలయము

1899వ సంవత్సరమున డెన్మార్కుదేశమందలి వీబోర్గు నగరమున మోర్టెన్సెన్ అను ఉపాధ్యాయుడు, మన గోరువంకలకు జ్ఞాతులైన స్టార్లింగు పక్షులను పట్టి, సంఖ్యయు ఊరిపేరును చెక్కిన అల్యూమినియపు కడియములను వాని కాళ్లకు తొడిగి విడిచిపెట్టెను. విహంగముల రాకపోకలను ఊహకు విడువక లెక్కకు దెచ్చు శాస్త్రీయపద్ధతికి అదియే నాంది.

పని చూచుటకు సులభమే గాని, చేయుటకు మిక్కిలి నేర్పు కావలయును. సన్నని వలలో చిక్కిన పిట్టను, దాని మెడ చూపుడువ్రేలికిని నడిమివ్రేలికిని నడుమ నిలుచునట్లు మెల్లగా పట్టి, కాలి లావునకు తగిన కడియమును పటకారుతో నొక్కి, ఱెక్క కొలిచి, తూచి, జాగు సేయక వదలవలెను. కడియము వదులైనచో కొమ్మలకు తగులుకొనును, బిగువైనచో కాలిని కోయును.

మన దేశమున 1959లో పక్షిశాస్త్రజ్ఞుడైన సలీం అలీ నాయకత్వమున బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘము ఈ కార్యమును విస్తృతముగా చేపట్టెను. తొడిగినవానిలో మరల దొరకునవి కొలదియే యైనను, ఆ నిష్పత్తినుండియే సంతతి పెరుగుచున్నదో తరుగుచున్నదో గణింతురు.

పక్షి ఎన్నాళ్లు బ్రదుకునో కూడ కడియమే తెలుపును. పసిఫిక్ మహాసముద్రమందలి మిడ్వే దీవిలో 1956లో పక్షిశాస్త్రజ్ఞుడు చాండ్లర్ రాబిన్స్ కడియము తొడిగిన లేసన్ ఆల్బట్రాస్ పక్షి, 2002లో మరల ఆయన చేతికే చిక్కెను. ఆ పక్షియే 2024లో గ్రుడ్డు పెట్టెను. ఈలోగా అరిగిపోయిన కడియములను మాత్రము పలుమారులు మార్చవలసివచ్చెను!