గుర్రమెక్కించే ముందు



సెలవులు వచ్చాయంటే శ్రీకాకుళం, విజయనగరాల నుంచి ఎన్నో కుటుంబాలు విశాఖ వెళ్ళి రామకృష్ణా బీచిలో ఓ సాయంత్రం గడపడం, లేకపోతే శృంగవరపుకోట మీదుగా ఘాటీ ఎక్కి అరకులోయ చూసి రావడం మామూలే. అక్కడ పిల్లల కళ్ళు ముందుగా పడేది అలంకరించిన గుర్రాల మీద. "అమ్మా, ఒక్క రౌండు!" అని కొంగు పట్టుకుంటారు. మగపిల్లవాడినైతే వెంటనే ఎక్కించేస్తాం. ఆడపిల్ల అడిగితే "నీకెందుకే, పడితే కాలో చెయ్యో విరుగుతుంది" అంటాం. మగపిల్లవాడు పడితే మాత్రం విరగదా?

స్వారీకి కావలసింది కండబలం కాదు, ఒంటిని నిలకడగా ఉంచుకునే నేర్పు, భయపడని మనసు. డెన్మార్కు దేశంలో లిస్ హార్టెల్ అనే ఆవిడకు 1944లో, గర్భిణిగా ఉండగా, పోలియో వచ్చింది. మోకాళ్ళ కింద కాళ్ళు చచ్చుబడిపోయాయి. అయినా పట్టువదలక మళ్ళీ సాధన చేసి, 1952 హెల్సింకి ఒలింపిక్సులో మగవారితో పోటీపడి వెండి పతకం తెచ్చుకున్నారు. ఒకరు సాయం చేస్తేగాని ఆవిడ గుర్రం ఎక్కలేరు, దిగలేరు! 2023లో చైనాలో జరిగిన ఆసియా క్రీడల్లో మనదేశానికి గుర్రపు స్వారీలో 41 ఏళ్ళ తరువాత బంగారు పతకం వచ్చింది. ఆ జట్టులోని నలుగురిలో ఇద్దరు ఆడపిల్లలే. కనుక, అమ్మాయి అడిగితే కాదనకండి.

అయితే ఎక్కించే ముందు గుర్రం స్వభావం కాస్త తెలుసుకోవాలి. చూడడానికి అంత పెద్దదే గాని, అది ఉత్త పిరికి జంతువు. భయం వేస్తే దానికి తెలిసిన ఉపాయం పరుగొక్కటే. కళ్ళు తలకు చెరో పక్కన ఉండడంవల్ల చుట్టుపక్కల చాలామేరకు చూడగలదు గాని, సరిగ్గా తోక వెనుక ఏముందో కనబడదు. అందుకే వెనుకనుంచి ఎవరైనా వస్తే బెదిరి తన్నుతుంది. పిల్లల్ని పక్కనుంచి, మెడవైపుగా, మాట్లాడుతూ తీసుకువెళ్ళండి. చెవులు వెనక్కి అణిచిపెట్టిందంటే దానికి చిరాకుగా ఉందన్నమాట. అప్పుడు దూరంగా ఉండాలి. దగ్గరలో బెలూన్లు పేల్చడం, మొహం మీద సెల్‌ఫోను లైటు వెయ్యడం కూడదు.

పిల్లకు పట్టులంగా, జారే చున్నీ వద్దు. పైజామా, మడమ ఉన్న బూట్లు మంచివి. చెప్పులతో ఎక్కిస్తే పాదం రికాబులోంచి అవతలికి దూరి ఇరుక్కునే ప్రమాదం ఉంది. స్వారీ హెల్మెట్టు ఉంటే తప్పక పెట్టండి. లేకపోతే నడిపించమనండి, పరుగెత్తించవద్దనండి. పగ్గం గుర్రంవాడి చేతిలోనే ఉండాలి. గుర్రాలు తిరిగే చోట ధనుర్వాతం క్రిములు ఉంటాయి కనుక, పిల్లలకు ఆ టీకాలు సకాలంలో వేయించారో లేదో చూసుకోండి. ఏ చిన్న గీత పడినా సబ్బుతో కడిగి డాక్టరుకు చూపించండి.

ఇక ముఖ్యమైన మాట. మనం కూరగాయలు కొనేటప్పుడు వంకాయను నాలుగువైపులా తిప్పి చూస్తాం కదా! పిల్లను ఎక్కించే గుర్రాన్ని మాత్రం చూడం. జీను కింద పుండు ఉందా, కుంటుతోందా, డొక్కలు లెక్కపెట్టేలా ఉన్నాయా, నోట రక్తం కనిపిస్తోందా, ఇవి చూడాలి. ములుకులున్న కళ్ళెం వాడకూడదని 1965లో చేసిన కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి. పోనీ వంటి చిన్న గుర్రం మీద 70 కిలోలకు మించి బరువు వెయ్యకూడదని, జంతువుచేత రోజుకు తొమ్మిది గంటలకు మించి, విశ్రాంతి లేకుండా వరసగా ఐదు గంటలకు మించి పని చేయించరాదని, వేడి 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా పని చేయించకూడదని కూడా వాటిలో ఉంది. మనలో 70 కిలోలు దాటినవారు తక్కువేమీ కాదు! ఫోటో కోసం తల్లీ బిడ్డా కలిసి పోనీ ఎక్కడం మానుకుందాం.

గుర్రంవాడిమీద కోపగించుకోనక్కరలేదు. ఆ గుర్రమే అతని ఇంటికి అన్నం పెడుతుంది. ఉలవలు, గడ్డి, లాడాలు, మందులు అన్నిటికీ ఖర్చే. పొరుగునున్న పాడేరు మన్యంలో రోడ్డులేని కొండ ఊళ్ళకు బియ్యం, ఉప్పు, పప్పు మోసుకువెళ్ళేవి ఇలాంటి పొట్టి గుర్రాలే. అందుచేత బాగున్న గుర్రానికి బేరమాడకుండా డబ్బివ్వండి. పుండుపడ్డ గుర్రాన్ని తెస్తే, "దీనికి మానేదాకా విశ్రాంతి ఇవ్వు నాయనా, ఇంకోటి ఉంటే ఎక్కుతాం" అని నెమ్మదిగా చెప్పండి. పదిమంది తల్లులు ఈ మాట అంటే, ఏ అధికారీ రాకుండానే ఆ గుర్రానికి విశ్రాంతి దొరుకుతుంది.

దిగాక గుర్రం మెడ నిమరమని పిల్లలకు చెప్పండి. తనను మోసినవారిపట్ల కృతజ్ఞత చూపించడం కూడా స్వారీలో నేర్చుకోవలసిన పాఠమే.