బెథూన్ బాలికల పాఠశాల – కార్మికోద్యమానికి కొన్ని పాఠాలు

(మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కార్మిక సంఘ శిక్షణ తరగతిలో ఒక బాలికల పాఠశాల చరిత్ర చెప్పడమేమిటని మీలో కొందరికి తోచవచ్చు. వేతనాలు, బోనసు, పని గంటలు మన నిత్య సమస్యలు. అయితే మన సంఘాల సభ్యత్వంలో మహిళలెందరు, కార్యవర్గాలలో మహిళలెందరు అని లెక్క వేసి చూడండి. ఆ రెండు లెక్కల మధ్య ఉన్న అంతరానికి కారణాలు వెదుకుతూ పోతే, మనం తప్పనిసరిగా బడి గడప దగ్గరకే చేరుకుంటాము. మినిట్సు పుస్తకం వ్రాయగలగడం, స్టాండింగ్ ఆర్డర్లు చదివి అర్థం చేసుకోగలగడం, జీతం చీటీలోని కోతలను సరిచూసుకోగలగడం – ఇవన్నీ నాయకత్వానికి తొలి మెట్లు. అందువల్లనే కలకత్తాలోని బెథూన్ పాఠశాలను ఈనాటి విషయంగా తీసుకొన్నాను.

ఆ పాఠశాల 1849 మే 7న 21 మంది బాలికలతో ప్రారంభమైంది. గవర్నర్ జనరల్ మండలిలో న్యాయ సభ్యుడైన జాన్ ఇలియట్ డ్రింక్‌వాటర్ బెథూన్ దాని స్థాపకుడు. కాని ఆయన ఒక్కడే అయితే బడి నిలిచేది కాదు. దక్షిణారంజన్ ముఖర్జీ తన ఇంటిని బడి కోసం ఇచ్చాడు. రామగోపాల్ ఘోష్ అండగా నిలిచాడు. సంస్కృత పండితుడైన మదనమోహన తర్కాలంకార్ తన కుమార్తెలు భువనమాల, కుందమాలలను బడికి పంపి, స్వగ్రామంలో వెలివేతను భరించాడు. చదివిన ఆడపిల్లకు వైధవ్యం తప్పదనే మూఢవిశ్వాసం రాజ్యమేలుతున్న కాలమది! 1850లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ కార్యదర్శి బాధ్యత వహించాడు. 1851లో దేవేంద్రనాథ్ టాగూర్ తన కుమార్తె సౌదామినిని చేర్పించాడు. అదే సంవత్సరం ఆగస్టులో బెథూన్ మరణించగా, తదుపరి 1856లో ప్రభుత్వమే పాఠశాల బాధ్యతను స్వీకరించింది.

ఆ తొలి సంవత్సరాలలో బడి జీవితం ఎట్లుండేది? బోధన ప్రధానంగా వంగ భాషలో జరిగేది. కుట్టుపని, అల్లికలు నేర్పేవారు. మత బోధ లేదు. రుసుము లేదు. బాలికలను ఇళ్ళ నుండి తీసుకొని రావడానికి గుర్రపు బండి ఉండేది. కుమార్తెను కూడ శ్రద్ధతో పెంచి చదివించాలనే భావం గల సంస్కృత వాక్యాన్ని ఆ బండి మీద వ్రాయించారు. ఆ బండి వీధి వెంట పోతుంటే అది నడిచే ప్రచార పత్రంగా పనిచేసింది. దానిని తోలినవారి పేర్లు మాత్రం ఏ చరిత్ర గ్రంథానికీ ఎక్కలేదు. బండి లేకపోతే బడి లేదన్న సంగతిని శ్రామికులుగా మనమైనా గుర్తుంచుకోవాలి.

ఈ చరిత్రలోని పరిమితిని కూడ దాచనక్కరలేదు. ఆ బడి తలుపులు మొదట తెరుచుకొన్నది సంపన్న, గౌరవ హిందూ కుటుంబాల బాలికలకే. కూలి బిడ్డలకు, ముస్లిం బాలికలకు అందులో చోటు లేదు. అంతకు ఒక సంవత్సరం ముందే, 1848లో, పూనాలో జోతిరావు ఫూలే, సావిత్రీబాయి ఫూలే దంపతులు బాలికల బడి తెరచారు. వారు అణగారిన కులాల బిడ్డలకు సైతం చదువు చెప్పినందుకు అవమానాలను ఎదుర్కొన్నారు. మన తెలుగుదేశంలో వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల స్థాపించినది 1874లో. ఈ ప్రవాహాలన్నిటినీ కలిపి చూచినప్పుడే స్త్రీవిద్యా చరిత్ర సమగ్రమవుతుంది.

అయితే ఒకసారి తెరచిన తలుపు, తెరచినవారు ఊహించినంత మేరకే తెరుచుకొని ఉండదు. 1878లో ఈ పాఠశాల నుండి కాదంబినీ బసు కలకత్తా విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలో ఉత్తీర్ణురాలైంది. ఆమె ఒక్కతె కోసమే 1879లో కళాశాల తరగతి ఆరంభించవలసి వచ్చింది. 1883లో ఆమె, చంద్రముఖీ బసు పట్టభద్రులైనారు. చంద్రముఖి తదనంతరం బెథూన్ కళాశాలకే ప్రిన్సిపాల్ అయినది. కాదంబిని వైద్యురాలైనది. అదే 1883లో సురేంద్రనాథ్ బెనర్జీని జైలులో పెట్టినప్పుడు బెథూన్ విద్యార్థినులు నల్ల గుర్తులు ధరించి నిరసన తెలిపారు. 1928లో సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా హర్తాళ్‌లో పాల్గొన్నారు. ఆ కళాశాలలో చదివిన ప్రీతిలతా వద్దేదార్ 1932లో చిట్టగాంగ్ వద్ద పహార్తలీ యూరోపియన్ క్లబ్బుపై దాడికి నాయకత్వం వహించి ప్రాణాలర్పించింది. బ్రిటిషు పాలకులు నిలిపివేసిన ఆమె పట్టాను కలకత్తా విశ్వవిద్యాలయం ప్రకటించడానికి 2012 వరకు, అంటే 80 సంవత్సరాలు పట్టింది.

కార్మికులమైన మనకు మరింత దగ్గరి సంగతి ఒకటున్నది. కాదంబిని భర్త ద్వారకానాథ్ గంగూలీ 1886లో అస్సాం తేయాకు తోటలకు వెళ్ళి, కూలీల దుర్భర స్థితిని పరిశీలించి పత్రికలలో వెల్లడించాడు. అట్టి తోటలకే గంజాం, విశాఖపట్నం ప్రాంతాల నుండి మన తెలుగువారు కూడ కూలీలుగా తరలించబడ్డారు. 1922లో కాదంబిని, బెథూన్ పూర్వ విద్యార్థినీ ఉపాధ్యాయినీ అయిన కవయిత్రి కామినీ రాయ్, బీహారు, ఒరిస్సా బొగ్గు గనులలోని స్త్రీ కార్మికుల స్థితిగతుల విచారణలో పాల్గొన్నారు. మేడల నుండి బండిలో వచ్చిన బాలికల కోసం పుట్టిన బడి, చివరకు గనిలో బొగ్గు మోసే స్త్రీ దగ్గరకు తన విద్యార్థినులను పంపింది. ఆ గని కార్మికురాలి కుమార్తెకు మాత్రం ఆనాడు బడి లేదు.

ఈ లోటు ఇప్పటికైనా తీరిందా? స్త్రీవిద్యపై దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షతన 1958లో నియమితమైన జాతీయ సంఘం 1959లో నివేదిక సమర్పించింది. 2009 విద్యాహక్కు చట్టం 6 నుండి 14 సంవత్సరాల వయస్సు వరకే హామీ ఇచ్చింది. అంటే ఎనిమిదవ తరగతి దాటగానే, సరిగ్గా ఆడపిల్ల చదువుకు అసలు గండం మొదలయ్యే దశలో, చట్టం చేయి వదిలేస్తున్నది. తొమ్మిదవ తరగతి బడి పొరుగూరిలో ఉంటుంది. దారి దూరం, మరుగుదొడ్డి ఉండదు, ఇంట్లో చిన్నపిల్లలను చూసుకొనే పని ఉంటుంది. తల్లి కూలికి పోతే కూతురు పొయ్యి దగ్గరకు చేరుతుంది. బీహారులో 2006లో బాలికలకు సైకిళ్ళిచ్చే పథకం ప్రారంభించినది ఈ దూరం కోసమే. 1849 నాటి గుర్రపు బండి చెప్పిన పాఠమే అది. 2004లో ప్రారంభమైన కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయాలు పేద బాలికలకు వసతితో కూడిన చదువు నిచ్చాయి. కాని తెలుగు రాష్ట్రాలలో వాటిలో పనిచేసే ఉపాధ్యాయినులలో అత్యధికులు ఒప్పంద పద్ధతిపైనే బ్రతుకీడుస్తున్నారు. తన ఉద్యోగానికి భద్రత లేని ఉపాధ్యాయిని, తన విద్యార్థినికి భవిష్యత్తుపై భరోసా ఎట్లా ఇవ్వగలదు?

కాబట్టి మన కర్తవ్యాలు స్పష్టం. విద్యాహక్కును పన్నెండవ తరగతి వరకు విస్తరింపజేయాలని మన కోర్కెల పత్రాలలో చేర్చాలి. ప్రతి ప్రభుత్వ బాలికల పాఠశాలకు ప్రయాణ వసతి, నీరు, మరుగుదొడ్లు సాధించాలి. పని స్థలాలలో శిశు సంరక్షణ కేంద్రాలు సాధించాలి. అవి లేకుంటే పెద్ద కూతురు బడి మానక తప్పదు. ఒప్పంద ఉపాధ్యాయినులు, వంట కార్మికుల క్రమబద్ధీకరణ పోరాటం విద్యా పోరాటమేనని గుర్తించాలి. అన్నిటికన్న ముందు, ప్రతి శాఖ తన సభ్యుల కుటుంబాలలో ఎనిమిదవ తరగతి తర్వాత బడి మానిన బాలికలెందరో లెక్క తీయాలి. ఆ జాబితాలో మన కార్యకర్తల ఇళ్ళ పేర్లు కూడ ఉండవచ్చు. అక్కడ నుండే పని ప్రారంభిద్దాం.

21 మంది బాలికలతో మొదలైన బడి 2024లో 175 సంవత్సరాలు పూర్తిచేసుకొన్నది. అది ఈనాటికీ ప్రభుత్వ పాఠశాలగానే నిలిచి ఉన్నది. ప్రజల సొమ్ముతో నడిచే బడిని ప్రజలే కాపాడుకోవాలి. ఈ బాధ్యతలో కార్మికవర్గం ముందు వరుసలో నిలవాలని కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.