బి భాగంలో ఒక్క ‘అవును’



క్యాన్సర్‌ను ముందే పసిగట్టే సాధనం అనగానే కంప్యూటరే గుర్తొస్తుంది. ఇంగ్లండ్‌లో ఉన్నది అదే. రోగి లక్షణం నమోదు చేస్తే పాత రికార్డులన్నీ కలిపి ప్రమాదం ఎంతో లెక్కగడుతుంది. వందలో ముగ్గురికి జబ్బు ఉండే అవకాశం కనిపించినా పై పరీక్షలకు పంపాలన్నది 2015లో అక్కడ వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ పెట్టుకున్న గీత. జనగామ, మానుకోట, భూపాలపల్లి ఊళ్లలో ఆ పని చేసేది, ఏఎన్‌ఎంలూ, ఆశా అక్కలూ, మీ సంచిలో నలిగే సీబ్యాక్ ఫారం, అంటే జబ్బుల ముప్పును ఇంటింటా అడిగి నింపే కాగితం.

దాని ‘ఏ’ భాగంలో మార్కులుంటాయి. నాలుగు దాటితే ముందుగా పిలవాలి. కానీ ఆ ప్రశ్నలు చూడండి: నడుము కొలత, శ్రమ, ఇంట్లో బీపీ, షుగర్, గుండెజబ్బు. ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా అని అక్కడ అడగనే అడగరు! మానుకోట వైపు మిరపకాయ ఏరే ముప్పై అయిదేళ్ల కూలీని తీసుకోండి. సన్నటి మనిషి, పొద్దంతా చేనులోనే, పొగాకు ముట్టదు. ఆమె స్కోరు నాలుగు దాటకపోవచ్చు. భర్తతో కలిశాక రక్తం కనిపిస్తోందన్న సంగతి మాత్రం ‘బి’ భాగంలో ఉంటుంది. అక్కడ ఒక్క ‘అవును’ పడితే స్కోరుతో పని లేదు, డాక్టరు దగ్గరికి పంపాల్సిందే. అత్త పక్కన కూర్చుని ఉండగా అరుగు మీద అడిగితే ఆమె ‘లేదు’ అనే అంటుంది. ఫారం తప్పు కాదది, అడిగిన చోటు తప్పు.

నోటి క్యాన్సర్ సంగతి మరొకటి. బొగ్గుబావిలో బీడీ కాల్చనివ్వరు. అందుకే భూపాలపల్లి గనుల్లో ఖైనీ దవడన పెట్టుకుని దిగేవాళ్లున్నారు. రెండు వారాలైనా మానని పుండు, తెల్లమచ్చ, నోరు సరిగా తెరవలేకపోవడం: మూడూ ఫారంలో ఉన్నవే. అయితే ఆ పుండు మీ దగ్గరికి వచ్చేసరికే ఆర్‌ఎంపీ దగ్గర బీ-కాంప్లెక్స్ చాలాసార్లు మింగి ఉంటుంది. ఇంగ్లండ్ కంప్యూటరు బలమంతా పాత రాకపోకల లెక్కలోనే ఉంది. మనకు ఆ లెక్క ఎవరూ రాసిపెట్టరు. అందుకని ‘ఇదే బాధకు ఇంతకుముందు ఎవరికైనా చూపించావా?’ అన్న ప్రశ్న మీరే కలుపుకోండి. ఫారంలో గడి లేదని వదిలేయకండి.

‘మా చదువుకు ఇవన్నీ సాగుతాయా’ అని కొందరు ఆశా అక్కలు అంటుంటారు. ముంబై బస్తీల్లో పదో తరగతి చదివిన మహిళలే శిక్షణ పొంది, ఎసిటిక్ యాసిడ్ పూసి గర్భాశయ ముఖద్వారాన్ని పరీక్షించారు. ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2014లో అచ్చయింది.

ఇక పంపడం గురించి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి రాసిస్తాం, అక్కడినుంచి హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి. భూపాలపల్లి మనిషికి హైదరాబాద్ సుమారు రెండు వందల కిలోమీటర్లు, రెండు కూలి రోజులు. రిజిస్టర్‌లో ‘పంపాం’ అని రాసిన పక్కనే ‘చేరింది’ అని ఇంకో గడి గీయండి. వారమైనా అది ఖాళీగా ఉంటే ఫోన్ చేయండి.

ఇప్పుడు ఫారాలు తీయండి. నోటి ప్రశ్నల దగ్గర మొదలుపెడదాం.