తమ నవలలను గూర్చి నవలాకారులు చెప్పిన మాటలు



నవలాకారుడొకడు సభకు విచ్చేసినాడని తెలిసినంతనే పాఠకులకు రెండు ప్రశ్నలు తోచును. ఈ నవలను ఎట్లు వ్రాసితిరి? ఇందలి ఫలానా పాత్ర నిజముగా ఎవరు? వెనుకటి దినములలో గ్రంథాలయ వార్షికోత్సవములందు చాపలమీద కూర్చుండి అడిగిన ఈ ప్రశ్నలనే నేడు హైదరాబాదు సాహిత్యోత్సవములోను, విజయవాడ పుస్తక ప్రదర్శన వేదికల యెదుటను అడుగుచున్నారు. రచయిత యిచ్చు సమాధానములలో ఎంతవరకు నమ్మవచ్చును, ఎచ్చట పుస్తకము తెరచి సరిచూచుకొనవలెను అనునదే ఈ ప్రసంగమునకు విషయము.

తొలితరము వారికి ఇట్టి ఉత్సవములు లేవు. తమ రచనలను గూర్చి చెప్పదలచినది వారు స్వీయచరిత్రములలో చెప్పుకొనిరి. కందుకూరి వీరేశలింగం పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ 1878లో ‘వివేకవర్ధని’లో వెలువడనారంభించి 1880లో గ్రంథరూపము దాల్చినది. అప్పటికి ‘నవల’ యను మాటయే లేదు. పంతులుగారు దానిని వచన ప్రబంధమనిరి. ఆ మాటను తరువాత వాడుకలోనికి తెచ్చినవారు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు. గోల్డ్‌స్మిత్ రచించిన ఆంగ్ల నవల ఛాయలు దీనిలో కలవని విమర్శకులు చూపుచు వచ్చిరి. అయినను ఇంగ్లీషులోనికి పరివర్తితమై 1887లో లండనులో అచ్చయినది ఈ పుస్తకమే.

చిలకమర్తి లక్ష్మీనరసింహం పంతులుగారి సంగతి వేరు. నాటకకర్తగా పేరు పొందియుండిన వారిని నవలవైపు త్రిప్పినది ‘చింతామణి’ పత్రిక పెట్టిన బహుమతి పోటీ. 1894లో వారి ‘రామచంద్ర విజయము’నకు బహుమానము వచ్చినది. చిన్ననాటినుండియు చూపు తక్కువైన ఆ పెద్దలు వార్ధక్యమున కన్నులు పూర్తిగా పోయిన పిదప తమ స్వీయచరిత్రమును చెప్పి వ్రాయించిరి. ‘గణపతి’ చదివి కడుపుబ్బ నవ్విన పాఠకుడు ఆ స్వీయచరిత్రమును కూడ చదువవలెను. ఏ బీదరికము నవలలో నవ్వుగా మారినదో అచ్చట తెలియును. గ్రంథాలయములలో స్వీయచరిత్రములొక బీరువాలోను, నవలలు మరియొక బీరువాలోను ఉండుట పద్ధతియే గాని, ఆ రెంటిని ఒకేసారి ఇంటికి తీసికొనిపోవు చందాదారునకు లాభమెక్కువ.

ఇక మొదటి ప్రశ్న. ‘వేయిపడగలు’ ప్రసక్తి వచ్చిన ప్రతి సభలోను ఒక ముచ్చట వినబడును. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రకటించిన నవలల పోటీకై విశ్వనాథ సత్యనారాయణగారు ఆ మహాగ్రంథమును ఇరువది తొమ్మిది దినములలో ఆశువుగా చెప్పగా, తమ్ముడు వెంకటేశ్వర్లుగారు వ్రాసిరని ఆ ముచ్చట. రమారమి వేయిపుటల గ్రంథము! విన్నవారు ముక్కుమీద వ్రేలు వేసికొందురు. వేసికొనవలసినదే. కాని ఇరువది తొమ్మిది దినములన్నది నోటితో చెప్పిన కాలమే. కృష్ణాజిల్లా నందమూరులో 1895లో పుట్టినవారికి అప్పటికి ముప్పది తొమ్మిదేండ్లు. సుబ్బన్నపేట కోట, గుడి, పొలము, గణాచారి, గిరిక, పసరిక – ఇవి నెలనాళ్లలో కల్పింపబడినవి కావు. పల్లెటూరి అరుగుల మీద, ఆలయ ప్రాంగణములలో విన్నదియు కన్నదియు అన్నాళ్లు లోపల నిలువ యుండి ఒక్క మాటు వెలువడినవి.

నోటితో చెప్పిన గుర్తులు పుస్తకములో స్పష్టముగా కానవచ్చును. కథ నడుచుచుండగా విద్యనుగూర్చియో, వ్యవసాయమునుగూర్చియో వాదము బయలుదేరి పుటలకు పుటలు సాగును. కొందరికిది విసుగు. ఆ పుటలను పెద్దగా చదివి వినిపించినచో ఆ విసుగు చాలవరకు తీరును. గ్రంథాలయములో పదిమందికి ఒకరు చదివి వినిపించు అలవాటున్న యూళ్లవారికిది అనుభవమే. ఆ పోటీలోనే బహుమానమును పంచుకొనినది అడివి బాపిరాజుగారి ‘నారాయణరావు’. ఒకటి కూలిపోవుచున్న వ్యవస్థకై వగచునది, రెండవది రానున్న కాలమును నమ్మి నవ్వుచు నడచునది. ఆ రెంటిని ఒకే తక్కెడలో తూచి సమముగా ఎంచిన న్యాయనిర్ణేతల పని సులభమై యుండదు.

ఇంగ్లండులో ఆంథొనీ ట్రాలప్ అను నవలాకారుడుండెడివాడు. తపాలా శాఖలో ఉద్యోగి. 1882లో అతడు చనిపోయిన మరుసటి సంవత్సరము వెలువడిన స్వీయచరిత్రములో తన పనిపద్ధతిని దాచక చెప్పినాడు. తెల్లవారుజామున అయిదున్నరకు బల్లకడ కూర్చుండుట, యెదుట గడియారము, పావుగంటకు 250 మాటల చొప్పున మూడు గంటలు వ్రాయుట, తరువాత ఉద్యోగమునకు పోవుట. వేళకు లేపి కాఫీ యిచ్చు ముసలి సేవకునికి అందులకై సంవత్సరమునకు అయిదు పౌనులు అదనముగా ఇచ్చెడివాడట! ఏ నవలకు ఎంత ముట్టినదో పౌనులు, షిల్లింగులు, పెన్నీలతో సహా పట్టిక వేసినాడు. అది చదివి ఇంగ్లండు పాఠకులు పలువురు నొచ్చుకొనిరి. అతని పేరు కొంతకాలము మసకబారినది. చిత్రమేమనగా, వడిగా వ్రాయుట ఇచ్చట ప్రతిభకు గురుతైనది, అచ్చట కూలిపనికి గురుతైనది. చెప్పిన తీరులోనే ఆ భేదము. తన శ్రమను గూర్చి రచయిత చెప్పిన మాటను నమ్మవచ్చును. ఆ శ్రమనుబట్టి పుస్తకమునకు వెలకట్టరాదు.

రెండవ ప్రశ్న ఇంత నిరపాయకరమైనది కాదు. రావూరి భరద్వాజగారి ‘పాకుడురాళ్లు’ సినిమా ప్రపంచపు కథ. అందలి మంజరి ఏ నటియో కనుగొనవలెనని తహతహలాడిన పాఠకులకు కొదవలేదు. ఉన్నత విద్య లేని ఆ రచయితకు 2012వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము లభించినది. మంజరి ఫలానా ఆమెయని తెలిసినచో నవల చిన్నదగునే గాని పెద్దది కాదు.

‘మాలపల్లి’ విషయములో ఈ ప్రశ్న పాఠకుని కంటె ముందు ప్రభుత్వమునకే తట్టినది. ఉన్నవ లక్ష్మీనారాయణగారు స్వాతంత్ర్యోద్యమములో శిక్షింపబడి, 1922లో వేలూరు కారాగారములో దానిని వ్రాసిరి. రామదాసు కుటుంబము, భూస్వామి చౌదరయ్య, అతని చేత హతుడైన సంగదాసు – వీరెవరని గుంటూరు మండలములో ఏ పల్లెయందును అడుగనక్కరలేదు. మదరాసు ప్రభుత్వము ఆ పుస్తకమును నిషేధించినది; 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చిన పిదపగాని ఆ నిషేధము పూర్తిగా తొలగలేదు. తన పుస్తకమును గూర్చి వేదికనెక్కి మాటలాడుట అటుండ, దానిని చేతబట్టుటయే నేరమైన కాలము! నిషిద్ధ గ్రంథమును పాఠకులకు చేర్చు భారము అట్టి సమయమున ఎవరిపై పడునో గ్రంథాలయములు నడపినవారికి చెప్పనక్కరలేదు.

తన మాటను తానే తిరుగదోడిన రచయిత్రి ఒకరున్నారు. రంగనాయకమ్మగారు తమ తొలినాటి నవల ‘కృష్ణవేణి’ని తరువాతి ముద్రణలో తామే విమర్శించి పీఠిక వ్రాసిరి. వేదికమీద మెప్పులందుకొనుటకంటె ఇది కష్టమైన పని. పాఠకుడు మాత్రము నవలను మొదట చదివి, పీఠికను పిమ్మట చదువుట మేలు. లేనిచో రచయిత్రి తీర్పే తన తీర్పని భ్రమపడును.

చివరకు చెప్పవలసినది వట్టికోట ఆళ్వారుస్వామిగారిని గూర్చి. నల్లగొండ మండలమునుండి వచ్చి, పరుల యిండ్ల వంటచేయుచు చదువు నేర్చుకొని, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించినవారాయన. పుస్తకములను ప్రచురించుటతో తృప్తిపడక తామే మోసికొని ఊరూర తిరిగి అమ్మిరి. తెలంగాణములో ఎన్నో పల్లెల గ్రంథాలయములకు పుస్తకములు వచ్చినది ఇట్టి భుజములమీదనే. పలుమార్లు కారాగారమునకు పోయివచ్చిరి. తెలంగాణపు బ్రతుకును వరుస నవలలుగా వ్రాయసంకల్పించి, 1955లో ‘ప్రజల మనిషి’ని వెలువరించిరి. రెండవదియైన ‘గంగు’ ముగియకమునుపే 1961లో కన్నుమూసిరి.

ఆ పనిని కొనసాగింపబూనినది దాశరథి రంగాచార్యగారు. తమ నవలలకు మూలమును గూర్చి చెప్పునప్పుడు ఆయన ఆళ్వారుస్వామి పేరును తలచుచుండెడివారు. ‘చిల్లర దేవుళ్లు’ నవలకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ‘మోదుగుపూలు’, ‘జనపదం’ దాని వెంట నడచినవి. వరుసగా చదువబూనిన చందాదారునకు ‘గంగు’ చివరిపుటకడ కథ తెగిపోవును. అక్కడినుండి ముందునకు సాగవలెనన్నచో గ్రంథాలయాధికారి ‘వ’కారపు అరను మూసి, ‘ద’కారపు అరను తెరువవలసియుండును.